నేను లేని రోజు నా బల్ల

(నల్లగొండలో, కొత్తగా ఉద్యోగంలో చేరిన జూనియర్ అసిస్టెంట్ల శిక్షణ తరగతిలో ఒక రిటైర్డ్ సూపరింటెండెంట్ చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టే రాయడానికి ప్రయత్నించాం.)

అందరికీ నమస్కారం. కూర్చోండమ్మా, కూర్చోండి. వెనకవాళ్లకు వినబడుతోందా? ఫ్యాను చప్పుడు ఎక్కువగానే ఉంది. కానీ ఈ ఎండల్లో దాన్ని ఆపమంటే మీరు నన్ను ఆపేస్తారు.

నాకిచ్చిన విషయం, ఆఫీసులో బల్ల సర్దుకోవడం. ఇంట్లో చెబితే మా ఆవిడ గరిటె పక్కన పెట్టి మరీ నవ్వింది. "మీరా? బల్ల గురించా?" అంది. ఆ నవ్వు సంగతి చివర్లో చెప్తాను, మర్చిపోతే గుర్తు చేయండి.

మీలో చాలామంది పోటీ పరీక్షలు రాసి రాసి వచ్చినవాళ్లు. చట్టాలు, సెక్షన్లు అడిగితే నాకంటే బాగా చెప్తారు. ఇంత చదివొచ్చాక ఎవరో ముసలాయన నిలబడి సొరుగులో ఏం పెట్టాలో చెప్తానంటే చిన్నపిల్లల పాఠంలా ఉంటుంది. నాకూ అట్లాగే ఉండేది. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. ఆ సామెతతో నాకు పేచీ ఉంది, ఇల్లు సర్దడం ఒక్క ఇల్లాలి పనే అన్నట్టు. కానీ బల్లను చూసి గుమస్తాను చూడమంటే మాత్రం ఒప్పుకుంటాను.

నేను 1986లో చేరాను. మండలాలు ఏర్పడి అప్పటికి ఏడాది. ఆఫీసంటే అద్దె ఇంట్లో రెండు గదులు, ఒక బీరువా, కాలు కుంటుతున్న బల్ల. ఆ కాలి కింద మడిచి పెట్టిన కాగితం కూడా ఎవరిదో దరఖాస్తే అయి ఉంటుందని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. (నవ్వులు) నవ్వకండి, నిజంగానే అనుకున్నాను.

ఐదారేళ్లకు ఆ సీటులో బాగా పాతబడ్డాను. బల్ల నిండా కాగితాలే. అది నాకు సిగ్గుగా ఉండేది కాదు, గొప్పగా ఉండేది. చూసేవాళ్లు, పాపం ఎంత పనో అనుకుంటారు కదా. ఎవరైనా కాగితం అడిగితే కుప్పలో చెయ్యి పెట్టి టక్కున తీసేవాణ్ణి. అదొక విద్య అనుకునేవాణ్ణి.

మాఘమాసంలో చెరువుగట్టు జాతర వచ్చింది. మా ఇంటిల్లిపాదీ జడల రామలింగేశ్వరస్వామి భక్తులు. నాలుగు రోజులు సెలవు పెట్టి వెళ్లాను. తిరిగొచ్చిన రోజు పొద్దున్నే ఆఫీసు ముందు వేపచెట్టు కింద దేవరకొండ దిక్కు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. పహాణీలో, అంటే ఊరి భూముల లెక్క రాసే పుస్తకంలో, తండ్రి పేరు తప్పు పడింది, సరిచేయమని అర్జీ పెట్టుకున్నాడు. నన్ను చూడగానే లేచాడు. "మూడు దినాల సంది తిరుగుతున్న సారూ. నీ కాయితం ఆ సారు దగ్గరున్నది, ఆయన జాతరకు పోయిండు అంటున్నరు. జర సూడుండ్రి" అన్నాడు.

చూశాను. లేదు. కుప్పలో చెయ్యి పెడితే రావలసిన కాగితం రాలేదు. సాయంత్రం దాకా బల్లంతా తిరగేశాను. మర్నాడు రమ్మన్నాను. మర్నాడూ దొరకలేదు. చివరికి ఆయన మళ్లీ కొత్త అర్జీ రాయించుకుని ఇచ్చాడు. అప్పటికి ఆరుసార్లు బస్సు ఛార్జీలు పెట్టుకున్నాడు.

రెండు నెలల తర్వాత రికార్డు రూములో వేరే పని మీద ఒక ఫైలు తెరిస్తే, దాని వెనక వేలాడుతూ ఉంది ఆ అర్జీ. ఎట్లా వెళ్లిందో తెలుసా? జెమ్ క్లిప్. కుప్పలో ఒకదానిమీద ఒకటి పడేస్తే పై కాగితానికున్న క్లిప్పు కింది కాగితాన్ని పట్టుకుంటుంది. పై ఫైలు పని అయిపోయింది, మూసేసి రికార్డుకు పంపాను. ఆ ముసలాయన అర్జీ కూడా దాని తోక పట్టుకుని వెళ్లిపోయింది. దొంగతనం లేదు, లంచం లేదు, ఎవరి మీదా కోపం లేదు. పావలా క్లిప్పు అంత పని చేసింది.

అందుకే ఈ రోజు నుంచి ఒకటి పెట్టుకోండి. జెమ్ క్లిప్పు కాగితం మీ చేతిలో ఉన్నంతసేపే. చేతిలోంచి బల్ల మీదికి దిగితే పంచింగ్ చేసి ట్యాగ్ కట్టాల్సిందే. గుండుసూది అసలే వద్దు, వేళ్లూ పోతాయి, వానాకాలంలో తుప్పు పట్టి కాగితమూ పోతుంది.

ఆ సంగతి జరిగాక నాకు ఒక కొలత దొరికింది. శుభ్రంగా కనిపించే బల్ల వేరు, సర్దిన బల్ల వేరు. సెలవు పెట్టి ఇంట్లో పడుకున్న రోజు, నా పక్క సీటు మనిషి వచ్చి, నాకు ఫోన్ చేయకుండా, కావలసిన కాగితం రెండు నిమిషాల్లో తీయగలిగితే నా బల్ల సర్ది ఉన్నట్టు. తీయలేకపోతే అద్దంలా మెరిసినా సర్దలేదనే లెక్క. అన్నీ సొరుగుల్లోకి తోసేసి పైన పూలకుండీ పెట్టుకున్న బల్లలు నేను చాలా చూశాను.

ఇక్కడ ఎవరో ఒకరు ఐన్‌స్టీన్ పేరు ఎత్తుతారు. ప్రతిసారీ ఎత్తుతారు. ఆయన చనిపోయిన రోజు, 1955 ఏప్రిల్ 18న, ప్రిన్స్‌టన్‌లో ఆయన గది ఫొటో తీశారు, లైఫ్ పత్రిక ఫొటోగ్రాఫర్. బల్ల నిండా కాగితాలు, పుస్తకాలు, వెనక బోర్డు మీద లెక్కలు. అంత మేధావి బల్లే అట్లా ఉంటే మనదెంత అంటారు. చిందరవందరగా ఉన్న గదిలో కూర్చున్నవాళ్లకు కొత్త ఆలోచనలు ఎక్కువ వచ్చాయని 2013లో అమెరికాలో ఒక అధ్యయనం కూడా వచ్చింది. వచ్చే ఉంటాయి, నేను కాదనను. కానీ నాయనా, ఐన్‌స్టీన్ బల్ల మీద ఉన్న కాగితాలు ఐన్‌స్టీన్‌వి. మన బల్ల మీద ఉన్నవాటిలో మనది ఒక్కటీ లేదు. ఒకటి పానగల్లు రైతుది, ఒకటి మర్రిగూడ పింఛనుదారుది, ఇంకొకటి స్కాలర్‌షిప్పుకు ఆదాయ ధ్రువపత్రం కావలసిన పిల్లది. వాళ్ల కాగితాల మీద మనకు కొత్త ఆలోచనలు రానక్కర్లేదు.

బల్ల ఎట్లా ఉండాలో నాకు నేర్పింది ఆఫీసు కాదు, మా వాడకట్టులో ఉండే అవుసలాయన, అంటే కంసాలి. కుంపటి ముందు కింద కూర్చుంటే ఆయన లేచేది భోజనానికే. పట్టకారు, ఊదుగొట్టం, చిన్న సుత్తి, త్రాసు, అన్నీ కూర్చున్నచోటి నుంచి చెయ్యి చాపితే అందేంత దూరంలోనే. రోజూ వాడనిది పెట్టెలో. తల వంచి పని చేస్తూనే కుడిచేత్తో పట్టకారు అందుకునేవాడు, చూసేవాడు కాదు. ఎందుకంటే నిన్న ఎక్కడ పెట్టాడో ఈ రోజూ అక్కడే ఉంటుంది. సాయంత్రం ఆ చోటు ఊడ్చి, ఆ దుమ్మును డబ్బాలో పోసి దాచేవాడు. అందులో బంగారు రజను ఉంటుంది కదా. చెత్త అని పారేసే ముందు అందులో ఏముందో చూడాలని ఆయన చెప్పలేదు, నేను చూసి తెలుసుకున్నాను.

చెయ్యి ఎంత దూరం పోతుందన్నది చిన్న విషయం కాదు. మన ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం గారు మీకు తెలుసు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఒక్క చీరకు ఆసు పోయాలంటే, అంటే నేసే ముందు దారాన్ని గూటాల చుట్టూ తిప్పాలంటే, వాళ్లమ్మగారు దాదాపు తొమ్మిది వేలసార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పాలి. భుజం నొప్పితో ఆమె పడే బాధ చూడలేక ఆయన 1999లో ఆసు యంత్రం తయారు చేశాడు. మన నొప్పి అంత పెద్దది కాదు, నిజమే. కానీ స్టాంపు ప్యాడ్ కోసం రోజుకు నలభైసార్లు లేచి బీరువా దాకా వెళ్లే మనిషిని చూశాను నేను. సాయంత్రానికి ఆయన విసుక్కునేది బీరువాను కాదు, ఎదురుగా నిలబడ్డ మనిషిని.

సరే, బల్ల దగ్గరికి వద్దాం. ఎడమవైపు వచ్చిన కాగితాలు, కుడివైపు పోవలసినవి, మధ్యలో ఒకే ఒక ఫైలు, ఇప్పుడు రాస్తున్నది. ఎడమచేతివాటం వాళ్లు తిప్పి పెట్టుకోండి. కిటికీ ఉంటే వెలుతురు ఎడమవైపు నుంచి పడేట్టు కూర్చోండి, రాసే చెయ్యి నీడ కాగితం మీద పడకుండా. పై సొరుగులో ముద్రలు, ప్యాడ్, పెన్నులు. అడుగు సొరుగు మీ సొంతానికి, టిఫిన్ డబ్బా, బీపీ మాత్రలు, దువ్వెన. ఆఫీసు కాగితం సొంత సొరుగులోకి వెళ్లిందా, ఇక అది పోయినట్టే. దానికి తాళం ఉంటుంది, ఆ తాళంచెవి మీ జేబులో జాతరకు వెళ్తుంది.

చాయ్ బల్ల మీద వద్దు. పక్కన స్టూలు వేసుకోండి. నకలు మీద చాయ్ ఒలికితే ఇంకో నకలు తీసుకోవచ్చు. 1954-55 నాటి ఖాస్రా పహాణీ మీద ఒలికితే? దాన్ని మళ్లీ రాసేవాళ్లు లేరు. తెలంగాణలో సగం భూమి తగాదాలు చివరికి ఆ పుస్తకం దగ్గరికే వస్తాయని మీకు కొద్దిరోజుల్లోనే తెలుస్తుంది.

ఇంకొకటి, బల్ల మీది అద్దం. అద్దం కింద దేవుడి ఫొటో, క్యాలెండర్, ఫోన్ నంబర్ల చీటీలు, పెళ్లి పత్రికలు. ఒక్క వానాకాలం గడిస్తే ఆ కాగితాలు అద్దానికి అతుక్కుపోతాయి, ఊడబీకితే అక్షరాలు అద్దానికే ఉండిపోతాయి. దేవుడి ఫొటో గోడకు పెట్టుకోండి, ఆయనకూ గాలి ఆడుతుంది.

ఇప్పుడు అసలు విషయం, కాస్త ఓపిక పట్టండి. మీ చేతికి పర్సనల్ రిజిస్టర్ అని ఒకటి ఇస్తారు. అందరూ దాన్ని శిక్షలా రాస్తారు. వచ్చిన కాగితానికి నంబరు, తేదీ, విషయం, ఏ రోజు ఏం చేశాం, ఎటు పంపాం. ఇంగ్లీషువాళ్ల కాలంలో టాటెన్‌హామ్ అనే ఐసీఎస్ అధికారి మద్రాసు ప్రెసిడెన్సీలో పెట్టిన పద్ధతి ఇది, అందుకే ఇప్పటికీ టాటెన్‌హామ్ విధానం అంటారు. నిజాం ఇలాకాలో మన దఫ్తర్లు వేరేరకంగా నడిచేవి, రాష్ట్రాలు కలిశాక ఈ పద్ధతి మన దగ్గరికీ వచ్చింది. నేను మొదట దాన్ని తిట్టుకున్నవాణ్ణే. ఆ అర్జీ పోయాక అర్థమైంది. రిజిస్టర్ అంటే బల్లకు అద్దం. రిజిస్టర్‌లో పెండింగ్ అని ఉన్నది బల్ల మీద ఉండాలి. బల్ల మీద ఉన్నది రిజిస్టర్‌లో ఉండాలి. వారానికి ఒకరోజు, నేనైతే శనివారం పెట్టుకునేవాణ్ణి, రెండూ ఎదురెదురుగా పెట్టి లెక్క చూడాలి. ఎక్కువ ఉన్నా తప్పే, తక్కువ ఉన్నా తప్పే. నేను ఆ రోజుల్లో వారం వారం చూసి ఉంటే ఆ పెద్దమనిషి అర్జీ రెండు నెలలు కాదు, ఆరు రోజుల్లో దొరికేది.

సోమవారాలు జాగ్రత్త. ప్రజావాణి రోజు. కుప్పలు కుప్పలుగా అర్జీలు వస్తాయి, సాయంత్రానికి ఒంట్లో ఓపిక ఉండదు, రేపు చూద్దాంలే అనిపిస్తుంది. ఆ రాత్రి బల్ల మీద పడుకున్న అర్జీ మంగళవారం లేవదు. నంబరు వేసిగానీ ఇంటికి పోకండి. సమాచార హక్కు దరఖాస్తయితే మరీను. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. సరైన కారణం లేకుండా ఆలస్యమైతే సమాచార అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా పడొచ్చు. ఆయనకు జరిమానా పడితే మీ రోజులు ఎట్లా ఉంటాయో నేను చెప్పను.

ఒకసారి మమ్మల్ని జపాన్‌వాళ్ల ఫైవ్-ఎస్ పద్ధతి మీద శిక్షణకు పంపారు. సెయిరి, సెయిటోన్, సెయిసో, సెయికెట్సు, షిట్సుకే. వేరుచేయి, వరుసపెట్టు, శుభ్రం చెయ్యి, రోజూ ఒకేతీరుగా ఉంచు, అలవాటు చేసుకో, ఇంచుమించు ఇదీ అర్థం. మంచి పద్ధతి. కానీ అక్కడ మొదటి మెట్టులోనే, అక్కర్లేనిది తీసి పారెయ్యి అన్నారు. ఫ్యాక్టరీలో విరిగిన స్పానర్ పారెయ్యొచ్చు. మన దగ్గర అక్కర్లేదు అనే మాట మనం అనడానికి లేదు. ఏ కాగితం ఎన్నేళ్లు ఉంచాలో నిబంధన ఉంది, ఫైలు మూసేటప్పుడు దాని మీద ఆ గుర్తు వేస్తాం. ఆర్ డిస్ అని మూస్తే శాశ్వతంగా ఉంచాలి, డి డిస్ అయితే పదేళ్లు, ఎల్ డిస్ ఇంకా తక్కువ. ఫైలు మూసేటప్పుడు ఆ అక్షరం సరిగ్గా వెయ్యడమే మన సెయిరి. బద్ధకించి అన్నిటికీ ఒకే అక్షరం వేసేవాళ్లున్నారు. వాళ్ల పాపం ఇరవై ఏళ్ల తర్వాత రికార్డు రూము మోస్తుంది.

రికార్డు రూము అంటే గుర్తొచ్చింది. ఎర్రబట్టలో కట్టిన పాత బస్తాలు చూస్తారు మీరు. సేత్వార్లు, వసూల్ బాకీలు, అన్నీ నిజాం కాలం నాటి భూమి రికార్డులు, ఉర్దూలో. ఉర్దూ చదివే ఉద్యోగులు ఒక్కొక్కరే రిటైరవుతుంటే, మా ఆఫీసులో ఒక పెద్దాయన తన చివరి ఏడాదంతా మధ్యాహ్నాలు అక్కడే కూర్చుని, ప్రతి బస్తాకు తెలుగులో చీటీ రాసి కుట్టాడు. ఏ ఊరు, ఏ సంవత్సరం, లోపల ఏముంది. ఎవరూ చెప్పలేదు ఆయనకు. ఎందుకు సార్ ఈ దుమ్ములో అంటే, "నేను పోయినంక దీన్ని ఎవడు చదువుతడురా?" అన్నాడు. బల్ల గురించి నేను విన్న మంచి మాట అదే, ఆయన బల్ల గురించి అనకపోయినా.

ఇంకో పరీక్ష 2016లో వచ్చింది. అక్టోబర్ 11, దసరా రోజు, ఉమ్మడి నల్లగొండ మూడు జిల్లాలయింది. నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి. అటు మహబూబ్‌నగర్‌కూ అదే అయింది, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల విడిపోయాయి. మనుషులను విడదీయడం తేలిక, ఆర్డర్ ఇస్తే బ్యాగు సర్దుకుని వెళ్తారు. ఫైళ్లను విడదీయాలి కదా! ఆలేరు కాగితమూ కోదాడ కాగితమూ ఒకే ఫైలులో, ఒకే ట్యాగుకు ఉన్నాయి. ఒకటి భువనగిరికి పోవాలి, ఒకటి సూర్యాపేటకు. దసరా ముందు రోజుల్లో మేం నేల మీద కూర్చుని కాగితాలు ఏరాం, బియ్యంలో రాళ్లు ఏరినట్టు.

మాలో ఒక సీనియర్ అసిస్టెంట్ ఉండేది. ఆమెకు మొదటి నుంచీ ఒక అలవాటు, ప్రతి ఫైలు అట్ట మీద కుడిచేతి మూల మండలం పేరు పెద్దక్షరాలతో రాసేది. ఒక మండలం కాగితం ఇంకో మండలం ఫైలులో కలపనిచ్చేది కాదు. మేం ఆమెను వేళాకోళం చేసేవాళ్లం, చాదస్తం అని. ఆ విభజనలో ఆమె సీటు మధ్యాహ్నం భోజనానికి ముందే మూడు కట్టలైపోయింది. తర్వాత ఆమె చీర కొంగు నడుముకు దోపి మా కాగితాలు ఏరడానికి వచ్చి కూర్చుంది. ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

కంప్యూటర్ సంగతి రెండు ముక్కల్లో చెప్తాను, మీకే ఎక్కువ తెలుసు. ఫైనల్, ఫైనల్ కొత్తది, ఫైనల్ అసలైనది, ఈ పేర్లు మానెయ్యండి. తేదీని ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు, నెలా రోజూ రెండేసి అంకెలతో రాసి, ఆ పక్కన ఊరి పేరు, విషయం పెట్టండి. అన్నీ వాటంతటవే వరుసలో కూర్చుంటాయి. వాట్సాప్‌లో వచ్చిన ఆర్డర్ వాట్సాప్‌లోనే ఉంటే అది రానట్టే. మీ ఫోన్ పోతే ఆర్డరూ పోతుంది.

రోజువారీ సర్దుడుకు మన ఊరి పేరు మీదే ఒక పద్ధతి ఉంది కదా. ఫ్లోరైడ్ నీళ్లకు నాగ్‌పూర్ నీరి సంస్థవాళ్లు పెట్టిన నల్లగొండ టెక్నిక్. సున్నం, పటిక, కాస్త బ్లీచింగ్ వేసి, కలిపి, కదపకుండా వదిలేస్తే ఫ్లోరైడ్ మడ్డితో పాటు అడుగుకు దిగుతుంది, పైన తేరిన నీళ్లు తీసుకుంటారు. ఆ మడ్డిని తీయకుండా రేపు మళ్లీ అందులోనే నీళ్లు పోస్తే చేసిన పనంతా దండగ. బల్లకూ అంతే. సాయంత్రం లేవడానికి పది నిమిషాల ముందు ఆపండి. మధ్యలో ఉన్న ఫైలు మూయండి, దేనిది దానికి పంపండి, రేపు పొద్దున మొదట చేసేది ఏంటో చీటీ మీద రాసి బల్ల నడుమ పెట్టండి. పొద్దున వచ్చి ఎక్కడ మొదలుపెట్టాలా అని చూస్తూ చాయ్ తాగే అరగంట మీకు మిగులుతుంది. చాయ్ ఎట్లాగూ తాగుతారు, అది వేరే.

ఏమైనా అడుగుతారా? చెప్పమ్మా.

(ఒక అమ్మాయి: సార్, మా పక్క సీటు ఆయన సీనియరు. తన ఫైళ్లు నా బల్ల మీద పెట్టేస్తారు. ఏమీ అనలేకపోతున్నా.)

ఇది అన్ని ఆఫీసుల్లో ఉంది తల్లీ. గొడవ పడకు. సాయంత్రం ఆ ఫైళ్ల నంబర్లు ఒక కాగితం మీద రాసి, ఫైళ్లతో పాటు ఆయన బల్ల మీద పెట్టి, "అన్నా, ఈ ఐదూ మీవి, చూసుకుని సంతకం పెట్టండి" అని మర్యాదగా అడుగు. మూడు రోజులు అడుగు. నాలుగో రోజు పెట్టడు. సంతకం అంటే మనవాళ్లకు అంత భయం.

(ఇంకొకరు: సార్, ఇంట్లో మేడం గారు ఎందుకు నవ్వారో చెప్తానన్నారు.)

మర్చిపోతారనుకున్నా. సరే. రిటైరయ్యాక ఇంట్లో కిటికీ పక్కన ఒక బల్ల వేయించుకున్నాను. పోయిన నెల మా అమ్మాయి దగ్గరికి హైదరాబాద్ వెళ్లాను. ఇక్కడ ఇంటి పన్ను కట్టమని మున్సిపాలిటీవాళ్లు వచ్చారట. మా ఆవిడ ఫోన్ చేసి, పోయినేడు కట్టిన రశీదు ఎక్కడుందని అడిగింది. ఎడమ సొరుగులో అన్నాను. లేదంది. కుడి సొరుగులో అన్నాను. అక్కడా లేదు. గంటసేపు ఫోన్‌లోనే బల్లంతా వెతికించాను. చివరికి కరెంటు బిల్లుల కట్టలో దొరికింది. జెమ్ క్లిప్పుకు పట్టుకుని వచ్చిందట.